ఎగరని ఉల్కారాణి

చెంగల్రాయుడు గీసిన ఉల్కారాణి ఎగరటం లేదు.

ఎగరాల్సింది చివరి పేజీలో. లోయలోకి జారిన బస్సుని ఎత్తి రోడ్డు మీద పెట్టి, ఆమె ఆకాశంలోకి లేచిపోవాలి. రాయుడు ఆ పేజీని పదకొండుసార్లు గీశాడు. పదకొండుసార్లూ ఆమె అద్దానికి అంటించిన స్టిక్కర్‌లాగా ఉన్నచోటే ఉండిపోయింది. కింద మేఘాలు పెట్టి చూశాడు. వెనక గాలి గీతలు పెట్టి చూశాడు. జుట్టు ఎగరేశాడు. జుట్టు ఎగిరింది గానీ మనిషి ఎగరలేదు.

రాయుడికి బొమ్మలు గీయటం ఎవరూ నేర్పలేదు. బీడీకట్టల మీద లేబుళ్ళు చూసి మనుషుల్నీ, పంచాంగం చూసి గ్రహాల్నీ, ఆటోల వెనక చూసి గుర్రాల్నీ నేర్చుకున్నాడు. అందుకే తన గుర్రాలు చాలాకాలం పొగ వదులుతూ పరిగెత్తేవని తనే చెప్పి తనే నవ్వేవాడు. ముందు తను నవ్వేస్తే ఎదుటివాడికి మిగిలేది తక్కువ కదా అని అతని ధీమా.

అలా నేర్చుకోవటమంతా అయిపోయిందనుకున్నాక అతనికి గురువు దొరికాడు. ఆయన సంగతి వస్తుంది.

పదేళ్ళపాటు ఇతరుల బొమ్మలకి రంగులు వేశాక, ఇప్పటికి సొంత పుస్తకం చేతికొచ్చింది. ఇరవైనాలుగు పేజీల బొమ్మల కథ. కథ అతనిదే, గీత అతనిదే, అట్ట మీద పేరు అతనొక్కడిదే. పబ్లిషర్ పాండురంగయ్య ఇరవైమూడు పేజీలు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచీ చూశాడు.

"నడుం అదిరిందయ్యా రాయుడూ! ఇంకాస్త తగ్గించు. కాళ్ళు ఇంకాస్త పెంచు. ఇంక ఆ డ్రెస్సు..."

"పెంచాలా అండీ?"

"డ్రెస్సెందుకయ్యా పెంచటం!"

"మరి ఆ నడుంతో బస్సు ఎత్తాలి కదండీ."

"ఎత్తనీ. ఎవరొద్దన్నారు? ఎత్తేటప్పుడు కాస్త మనవైపు తిరిగి ఎత్తమను."

రాయుడు తగ్గించాడు, పెంచాడు, తిప్పాడు. నిజం చెప్పాలంటే పాండురంగయ్య అడక్కముందే సగం పని తనే చేసి పెట్టాడు. ఒకే బొమ్మలో మనిషి ముందూ వెనకా రెండూ కనబడేట్టు గీయటం ఎంత కష్టమో గీసినవాడికి తెలుస్తుంది. ఆ కష్టాన్ని చూసుకుని అతనికే ముచ్చటేసింది. కానీ చివరి పేజీ కుదరలేదు.

"సోమవారం అచ్చుకెళ్ళాలి" అన్నాడు పాండురంగయ్య. "నీ వల్ల కాకపోతే చెప్పు. చెన్నైలో ఒకాయన ఉన్నాడు, ఆయన చేత ఎగరేయిద్దాం. అట్ట మీద ఆయన పేరు ముందు పడుతుంది మరి. పెద్దాయన."

అది మంగళవారం. బుధవారం తెల్లారకముందే రాయుడు కాగితాలన్నీ చంకలో పెట్టుకుని గురువు దగ్గరికి బయల్దేరాడు.

*

వరదరాజులు మాస్టారు నలభై ఏళ్ళు పిల్లల పత్రికలకి బొమ్మలు వేసి, ఒకరోజు కుంచె కడిగి ఆరబెట్టి, మామిడితోటలో రేకుల షెడ్డు వేసుకుని కూర్చున్నారు. ఆ కుంచె ఇంకా ఆరలేదని ఆయన అంటారు.

తోటంతా పూత మీద ఉంది. పొగమంచు చెట్ల నడుముల దాకా వచ్చి ఆగింది. కొమ్మలు మాత్రమే కనబడుతూ, తోట మొత్తం నేలని వదిలేసి కొంచెం పైకి లేచినట్టుంది. ఎక్కడినుంచో తేనెటీగల రొద. చూస్తుంటే చెట్లు కూడా ఎగురుతున్నాయి, తన బొమ్మ తప్ప అనుకున్నాడు రాయుడు.

మాస్టారు నులకమంచం మీద కాగితాలు పరిచి, ఒక్కొక్కటీ చూశారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

"ఎగరటం లేదండీ" అన్నాడు రాయుడు.

"మట్టిబొమ్మ చేశావా?"

రాయుడు కాలి బొటనవేలు చూసుకున్నాడు. మాస్టారి దగ్గర ఉన్నది ఒకటే పద్ధతి. కొత్త మనిషిని కథలోకి తెచ్చేముందు జానెడు మట్టిబొమ్మ చేసుకోవాలి. అన్ని పక్కలా తిప్పి చూశాకే కాగితం మీద పెన్సిల్ పెట్టాలి. రాజైనా అంతే, రాక్షసుడైనా అంతే, కుందేలైనా అంతే.

"ఒక పక్కనుంచి అంత బాగా కుదిరిందండీ, ఇంక మిగతా పక్కలతో పనేముందని..."

మాస్టారు లేచి, తొట్టి పక్కనున్న బంకమన్ను ముద్ద తెచ్చి అతని ముందు పెట్టారు. "నువ్వు గీసింది గీసినట్టే చెయ్యి. ఏమీ మార్చకు."

పొద్దెక్కింది. రాయుడు చేశాడు. ముందు ఆమె ముందుకి పడింది. ఆ బరువుకి సాయంగా వెనక కొంచెం మట్టి పెడితే వెనక్కి పడింది. హైహీల్సు కొనలు మట్టిలో ఎంతకీ నిలవలేదు. నడుం రెండుసార్లు తెగింది. మూడోసారి లోపల చీపురుపుల్ల గుచ్చాడు. మెడ వెనక్కి తిప్పాల్సి వచ్చినప్పుడు ఎందుకో అతనికి తన మెడ కూడా పట్టేసినట్టనిపించి, ఓసారి అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు. చివరికి ఆమెని గోడకి ఆనించి, "అయిందండీ" అన్నాడు. ఆ మాట అనగానే ఆమె మళ్ళీ జారింది.

మాస్టారు దాన్ని తడిగుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టారు.

"కొండ అవతల కుప్పమ్మవ్వ దగ్గరికి తీసుకుపో."

"విరిగిన ఎముకలకి కట్లు కట్టే అవ్వ దగ్గరికా?"

"ఆవిడ దగ్గరికే. నువ్వు ఏమీ వివరించకు. ఆవిడ అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పకు."

"ఆవిడకి బొమ్మల సంగతి ఏం తెలుసండీ?"

"ఏమీ తెలియదు" అన్నారు మాస్టారు, పంపుతున్నది అందుకే అన్నట్టు.

*

కొండదారిలో ఎండ పడుతోంది, అయినా మంచు పూర్తిగా పోలేదు. బొమ్మ చేతుల్లో చల్లగా, బరువుగా ఉంది. దారిలో రాళ్ళున్నచోట రాయుడు తనకి తెలియకుండానే మెల్లిగా అడుగేస్తున్నాడు. ఎవరో నిద్రపోతుంటే ఎత్తుకుపోతున్నట్టు.

కుప్పమ్మవ్వ కొట్టం ముందు పదిమంది ఉన్నారు. చింతచెట్టు మీంచి పడ్డవాడు, బురదలో జారినవాడు, పుట్టినరోజు నాడు మంచం మీద డాన్సు చేసినవాడు. రాయుడు వరసలో కూర్చున్నాడు. కొట్టం కిటికీలో చిన్నచిన్న మట్టిబొమ్మలు అరడజను నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కోచోట సున్నపు చుక్క.

"అవేం బొమ్మలు?" అనడిగాడు, చెయ్యి మెడకి వేలాడదీసుకున్న పక్కాయన్ని.

"రాలేనోళ్ళయి సామీ" అన్నాడు ఆయన. "మంచం మీంచి లేవలేనోళ్ళు కొంతమంది. ఆడోళ్ళలో రావడానికి సిగ్గుపడేటోళ్ళు కొంతమంది, రానియ్యని ఇండ్లు కొన్ని. మనిషి యెట్ల పడుకుని ఉండాదో, యాడ నొప్పో, మట్టిలో చేసి పంపిస్తారు. అవ్వ బొమ్మని పట్టి చూసి కట్టు చెప్తాది." రాయుడి ఒళ్ళో మూట చూశాడు. "నువ్వు గూడ తెచ్చినావే. ఎవురికి?"

"మా... ఒకామెకి."

"అయ్యో పాపం" అన్నాడు ఆయన మనస్ఫూర్తిగా.

రాయుడికి నవ్వొచ్చింది. ఇది రేపు పాండురంగయ్యకి చెప్పి నవ్వించవచ్చు అనుకున్నాడు.

అతని వంతు వచ్చింది. కుప్పమ్మవ్వ చీపురుపుల్లంత సన్నగా ఉంది. చేతులు మాత్రం పెద్దవి, వేరే ఎవరివో తెచ్చి పెట్టుకున్నట్టున్నాయి. పీట మీద కూర్చోమంది.

"ఎవురు నాయినా?"

"రాణి అవ్వా."

"వయసు?"

"ముప్పై."

"పెండ్లయిందా?"

"లేదవ్వా."

"ఏం పని చేస్తాది?"

అబద్ధం చెప్పకూడదన్నారు. "తిరుగుతా ఉంటుందవ్వా. ఎవరికి ఆపదొచ్చినా పోయి కాపాడుతుంది."

"నర్సమ్మా?"

"కాదు. బస్సులూ అవీ..."

"కండక్టరమ్మ" అని అవ్వ తేల్చేసింది. "పాపం, కాళ్ళ మీద నిలబడే పని."

తడిగుడ్డ విప్పింది. బొమ్మ వైపు అట్లా ఒకసారి చూసిందో లేదో, పక్కన ఉతికి మడతపెట్టిన తెల్ల తువ్వాలు తీసి దాని మీద కప్పింది. రెండు చేతులూ తువ్వాలు కిందికి పోనిచ్చింది.

"సరిగ్గా చూడవా అవ్వా?" అన్నాడు రాయుడు. అంత కష్టపడి చేసింది చూడకపోతే అతనికి చిన్నతనంగా అనిపించింది.

"ఎముక్కి కండ్లతో ఏం పని? కండ్లు అడ్డం. అందరూ చూస్తా ఉంటే మనిషి బిగదీసుకుంటాది. ఇంక ఎముక యాడ దొరుకుతాది?"

తువ్వాలు కింద ఆమె వేళ్ళు కదులుతున్నాయి. నీళ్ళ అడుగున చేపలు తిరుగుతున్నట్టు బట్ట అక్కడోసారి, ఇక్కడోసారి ఉబ్బుతోంది. కొట్టంలో ఆముదం వాసన, ఆకుల వాసన. వెదురుబద్దలు ఎవరో చెక్కుతున్న చప్పుడు. రాయుడికి కళ్ళు బరువెక్కాయి.

"మడమలు నేలకి ఆనలేదే" అంది అవ్వ. "ఎన్నాళ్ళుగా ఇట్ల మునివేళ్ళ మీద నిలబడి ఉండాది?"

"ఇరవైమూ... చాలా రోజులుగా అవ్వా."

"తొంటి జరిగింది." వేళ్ళు పైకి పాకాయి. ఆగాయి. "ఇదేంది? పుల్ల?"

"నడుం విరిగిపోతుంటే పెట్టానవ్వా."

"నడుములో పుల్ల" అంది అవ్వ, వెదురుబద్దలు చెక్కుతున్నామెతో. ఆమె చెక్కటం ఆపింది.

"కింద పక్కటెముకలు లేనే లేవు. అన్నం దిగే దోవ లేదు. ఊపిరి యాడికి పోతాది నాయినా?"

ఆమె వేళ్ళు మెడ దాకా పోయాయి.

"మెడ ఎందుకిట్ల ఎనక్కి తిరిగింది? ఎవుర్ని చూస్తా ఉండాది?"

"చూసేవాళ్ళని."

"అదేందీ? చూసేవోళ్ళు కావాలంటే ముందుకొచ్చి చూస్తారు. దానికి ఈమె మెడ ఇరుచుకోవాల్నా?"

వరసలో ఎవరో నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఆమె వేళ్ళు తువ్వాలు కింద ఒక్కచోట ఆగిపోయాయి.

"పడిందా?"

"లేదవ్వా."

"బస్సు గుద్దిందా?"

"లేదు."

"నాకూ తెలుసు. పడితే ఇట్ల కాదు. తొంటి ఒక పక్కకి, గుండె ఇంకో పక్కకి తిరిగిపోయినాయి. ఇది ఎవురో పట్టుకుని తిప్పింది. అరవై ఏండ్లుగా చూస్తా ఉండా, ఇంతమాత్రం తెలియదా? ఎవురు తిప్పినారు?"

మెడకి చెయ్యి వేలాడదీసుకున్నాయన రాయుడి వైపే చూస్తున్నాడు. మంచం మీద డాన్సు చేసినవాడు కూడా చూస్తున్నాడు.

రాయుడు ఎప్పటిలాగే ముందు తనే నవ్వుదామని చూశాడు. జోకు కోసం వెతికాడు. బీడీకట్టల దగ్గరికీ, గుర్రాల దగ్గరికీ పోయి వచ్చాడు. ఏమీ దొరకలేదు. పాండురంగయ్య పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చెప్పకముందే సగం చేసి పెట్టింది ఎవరో గుర్తొచ్చి, ఆ పేరు మళ్ళీ లోపలికి పోయింది.

"నేనే అవ్వా" అన్నాడు.

అవ్వ తువ్వాలు కిందనుంచి చేతులు బయటికి తీసింది. తిట్టినా బాగుండుననిపించింది.

"పోయి చేతులు కడుక్కుని రా."

కడుక్కుని వచ్చాడు.

"చేతులు తువ్వాలు కిందికి పోనియ్యి. కండ్లు మూసుకో. నీ కండ్ల మీద నాకు నమ్మకం లేదు."

రాయుడు కళ్ళు మూసుకున్నాడు. మట్టి చల్లగా తగిలింది. అవ్వ చేతులు అతని చేతుల మీద పడ్డాయి, వెచ్చగా, గరుగ్గా.

"ఇదో, ఇది తొంటి. తిప్పు. అట్ల గుంజితే కాదు! అడిగి తిప్పు."

"ఎట్లా అడగాలవ్వా?"

"ఏలు పెట్టి ఊరికే ఉండు. తనే వదులిస్తాది. వదలకపోతే వదల్లేదని ఊరుకో."

రాయుడు వేలు పెట్టి ఊరికే ఉన్నాడు. ఊరికే ఉండటం అతనికి కొత్త. చీకట్లో మట్టి ఒక్కటే ఉంది. నున్నగా చెయ్యటానికి పొద్దున తను పొట్ట దగ్గర ఎన్నిసార్లు బొటనవేలితో రుద్దాడో ఆ గుంటలన్నీ ఇప్పుడు వేళ్ళకి తెలిశాయి. ఒక్కో గుంట దగ్గరా తన వేలిముద్ర ఉంది. వాటిమీదుగా పోతుంటే ఎవరి ఇంట్లోనో చెప్పకుండా తిరిగి, కాలిముద్రలు వదిలి వచ్చినట్టనిపించింది.

కొంతసేపటికి మట్టి మెత్తబడింది. చేతుల వేడికే కావచ్చు. అతనికి మాత్రం ఎవరో అటునుంచి సరే అన్నట్టే ఉంది. తొంటి తిరిగింది. ఛాతీ వెనక్కి వచ్చి నడుం మీద సరిగ్గా కూర్చుంది. అవ్వ రెండు వేళ్ళతో చీపురుపుల్ల బయటికి లాగి పారేసింది.

"యాడ ఎక్కువ పెట్టినావో ఆడ తియ్యి. యాడ దోచినావో ఆడ పెట్టు."

తీశాడు, పెట్టాడు. ఒక్కో పక్కటెముకా చోటు చూసుకుని వచ్చింది. మడమలు నేలకి ఆనాయి. మెడని అతను తిప్పలేదు. వేలు పెట్టి ఉన్నాడంతే. అది మెల్లిగా తనంతట తనే ముందుకి తిరిగిపోయింది.

అవ్వ అతని చేతులు వదిలేసింది. రాయుడు కూడా వదిలేశాడు. తువ్వాలు కింద బొమ్మ పడలేదు. పుల్ల లేదు, గోడ లేదు. ఊరికే నిలబడి ఉంది.

"ఇప్పుడు ఊపిరి పోతాది" అంది అవ్వ. "తువ్వాలు తియ్యొద్దు. అట్లే తీసుకుపో. మట్టి కుదురుకునేదాకా ఆమెని ఎవురూ చూడగూడదు. నువ్వు గూడ."

*

నాలుగు రోజులు రాయుడు బల్ల దగ్గర్నుంచి లేవలేదు. బల్ల మీద తువ్వాలు కప్పిన బొమ్మ ఉంది. దాన్ని తీసి చూడలేదు. చెయ్యి గుర్తుపెట్టుకున్నదాన్నే గీశాడు. ఇరవైమూడు పేజీల్లో పదకొండు మళ్ళీ గీశాడు. మిగతా పన్నెండింటికీ టైం చాలక, ఆమె ఉన్నచోటల్లా పొగమంచు కప్పాడు. పుస్తకంలో ఎక్కడా చలికాలం లేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

చివరి పేజీ ఒక్కసారే గీశాడు.

సోమవారం పాండురంగయ్య కాగితాలు తిరగేస్తూ కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఎవరయ్యా ఈవిడ?"

"ఉల్కారాణి అండీ."

"నేను చూసినావిడ కాదే!"

"కాదండీ. ఈమె బస్సు ఎత్తే ఆమె."

"నడుమేదయ్యా?"

"ఉందండీ. ఇప్పుడే వచ్చింది."

పాండురంగయ్య విసుగ్గా చివరి పేజీ తీశాడు. ఆ పేజీని చూస్తూ చూస్తూ, ఎందుకో తలెత్తి ఆఫీసు కప్పు వైపు చూశాడు. అక్కడ ఫ్యాను తప్ప ఏమీ లేదు. అయినా కాసేపు చూశాడు.

"అట్టకైనా పాతబొమ్మ ఇవ్వవయ్యా. జనం కొనాలా వద్దా?"

"పాతవన్నీ చింపేశానండీ."

అచ్చుకి టైమైపోయింది. చెన్నై పెద్దాయన ఫోన్ ఎత్తలేదు. పాండురంగయ్య రాయుణ్ణి నాలుగు తిట్లు తిట్టి, అట్ట మీద బస్సు బొమ్మ వేయించాడు. బస్సుని చూసి కొనేవాళ్ళు కూడా కొంతమంది ఉంటారని ఆయన ఆశ. టైరు పక్కన, బురద మరక కాదని దగ్గరగా చూస్తే తెలిసేంత పరిమాణంలో, చెంగల్రాయుడు అన్న పేరు ఒక్కటే పడింది.

*

రాయుడు చివరి పేజీ తీసుకుని తోటకి వెళ్ళాడు. పూత రాలుతోంది. మాస్టారు మంచం మీద కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకున్నారు.

కింద రోడ్డు మీద బస్సు కొంచెం వంకరగా ఆగి ఉంది. కిటికీల్లోంచి తలలు. డ్రైవరు టోపీ పట్టుకుని పైకి చూస్తున్నాడు. పైన ఆకాశం చాలా ఖాళీగా ఉంది. అందులో ముందుగా కనిపించేది రెండు అరికాళ్ళు, లోయలోని ఎర్రమట్టి ఇంకా వాటికి అంటుకునే ఉంది. తర్వాత వెడల్పాటి వీపు. ముడివేసిన జుట్టు. ముఖం కనబడదు. ఆమె అటు తిరిగి ఉంది.

పేజీ మీద ఒక మామిడిపువ్వు పడింది. మాస్టారు ఊదారు. అది లేచి, ఆమె వెళ్ళినవైపే కొంచెం దూరం వెళ్ళి పడింది.

"ఎటు పోతోందిరా?" అన్నారు మాస్టారు.

రాయుడు ఆ పేజీ వైపు చూశాడు.

"నాకు చెప్పలేదండీ."